బెన్హర్ సర్దిన చెప్పులు

దేవమణి అప్పకి ఒళ్ళంతా కుళ్ళు అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆ మాట అనే హక్కు నాకొక్కదానికే ఉంది మరి. వయసులో పెద్దదని అప్ప అంటాను, అంటే అక్క. నెల్లిమర్ల బజార్లో ఇన్నేళ్ళుగా పక్క పక్క కొట్లలో బతుకుతున్నాం. నాది జాకెట్లు కుట్టే కొట్టు, ఆమెది డీటీపీ కొట్టు, మధ్యలో ఉన్నది రేకు గోడ. ఆమె కీబోర్డు చప్పుడు విని ఆ పూట మనసు బాగుందో లేదో చెప్పేయగలను. కోపంలో ఉంటే స్పేస్ బారుని గుద్దుతుంది.

దేవమణి ఏసుదానం మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న మనిషి. తెలుగు హయ్యరు పాసైంది. మాస్టారు స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవారు, తప్పు పడితే కాగితం చింపి మొహం మీదికి విసిరేవారు. అయినా ఆయన పేరు చెబితే దేవమణి ఇప్పటికీ లేచి నిలబడుతుంది. టైపు మిషన్ల కాలం పోయాక ఆమె భర్త బెన్హర్ ఆమెకు కంప్యూటరు కొని ఈ కొట్టు పెట్టించాడు. ఆయన జూట్ మిల్లులో పనివాడు. మిల్లు దిగి వచ్చేటప్పుడు చొక్కా నిండా నార నూగు అంటుకుని ఉండేది.

పెళ్ళి పత్రికలూ, అర్జీలూ అందరూ కొట్టగలరు. దేవమణికి పేరు తెచ్చింది వేరే పని. ఇక్కడి బాప్టిస్టు చర్చి వాళ్ళలో ఎవరైనా పోతే, సమాధి చేసిన కొన్నాళ్ళకు ఆదరణ కూడిక పెడతారు. పోయినవాళ్ళ ఫోటో, ఒక వాక్యం, జీవిత సంగ్రహం అని నాలుగు ముక్కలు వేసి మడత కార్డు అచ్చేస్తారు. ఆ జీవిత సంగ్రహాన్ని పాస్టరుగారు అందరి ముందూ నిలబడి చదువుతారు. తర్వాత ఎవరి కార్డు వాళ్ళు ఇంటికి తీసుకుపోయి బైబిల్లో పెట్టుకుంటారు. ఆ ఇళ్ళలో ఏ బైబిలు దులిపినా సగం ఊరు రాలుతుంది.

ఇంటివాళ్ళు తెచ్చే కాగితంలో ఏముంటుంది? పుట్టాడు, చదివాడు, పెళ్ళాడాడు, ప్రభువునందు నిద్రించాడు. దేవమణి ఆ కాగితం పక్కన పడేసి, వచ్చినవాళ్ళని తన ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టేది.

"ఇది కాదు గానీ, ఆయన పులుసు తినీవోడా, వేపుడు తినీవోడా? దేనికి కోపమొచ్చీది? కోపమొస్తే ఏటి సేసేవోడు?" అని అడిగేది.

వాళ్ళు చెబుతూ చెబుతూ ఏడ్చేవారు, ఒక్కోసారి నవ్వేవారు. రేకు గోడ ఇవతల నేను మిషను ఆపి వినేదాన్ని. ఆ చెప్పిన వాటిలోంచి ఒక ముక్క పట్టుకుని ఆమె రాసేది. చర్చిలో అది చదువుతుంటే పోయిన మనిషి గుమ్మంలో నిలబడ్డట్టు ఉండేదని అందరూ అనేవారు. అనడం ఆమెకు వినబడాలి కూడా. వినబడకపోతే మళ్ళీ అడిగి చెప్పించుకునేది.

బెన్హర్ పోయినప్పుడు ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. తనే రాసుకుంది, తనే టైపు కొట్టుకుంది. నేను హిందువునే అయినా ఆ కార్డు నా మిషను సొరుగులో పెట్టుకున్నాను. అందులో నాకు కంఠతా వచ్చేసిన ముక్క ఇది: 'ఆరాధనకు వచ్చినవారు గుమ్మం ముందు చిందరవందరగా విడిచిన చెప్పులను జత జతగా సర్ది, ఆ తర్వాతే లోపలికి వెళ్ళి తలుపు పక్కన కూర్చునేవారు. అవి ఎవరి చెప్పులని చూసేవారు కాదు.' నిజంగా అంతే ఆ మనిషి. ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

ఇంతలో ఎదుటి వరసలో షాలిని కొట్టు తెరిచింది. షాలిని ఎవరో కాదు, బెన్హర్ తమ్ముడు శాంతికుమార్ పెళ్ళాం. అంటే దేవమణికి తోటికోడలు. సాలూరు పిల్ల. పెళ్ళయి వచ్చిన కొత్తలో దేవమణి పక్కనే స్టూలేసుకుని పని నేర్చుకుంది. నేర్పినంత కాలం దేవమణికి ఆ పిల్ల బంగారం. ఎదురుగా బోర్డు కట్టిన రోజు నుంచి ఇత్తడి కూడా కాదు.

షాలిని కొట్టులో కీబోర్డు చప్పుడే ఉండదు. కాగితం బల్ల మీద పరిచి ఫోను పైన పట్టుకుంటుంది. ఫోటోలో ఉన్న అక్షరాలన్నీ విడివడి తెర మీదికి వచ్చేస్తాయి. తర్వాత ఏ పేరు కావాలంటే ఆ పేరు మార్చుకోవచ్చు, అక్కర్లేనిది కొట్టేయవచ్చు. పాత పెళ్ళి పత్రిక తెస్తే పెళ్ళికూతురి పేరు మార్చి పట్టుకుపొమ్మనడమే. దేవమణి పూటంతా కొట్టే పని ఆ పిల్ల టీ చల్లారే లోపల చేసేది.

దేవమణి తన కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుంది. గాలి కోసమట. ఫ్యాను వెనకాల ఉండిపోయింది, గాలి ముందు నుంచి ఎలా వస్తుందని నేనడగలేదు. ఎదుటి కొట్టు ముందు ఎన్ని జతల చెప్పులున్నాయో చూడ్డమే ఆమె పనైపోయింది. షాలిని ములక్కాడల కూర పంపిస్తే "మాకు పడదు" అని గిన్నె తిప్పి పంపేసేది. ములక్కాడ అంటే ప్రాణం ఆమెకి.

"అప్పా, ఎందుకలగ కళ్ళల్లో నిప్పులు పోసుకుంతావు? ఆ పిల్ల నీ సొమ్మేటి పట్టుకుపోనాది?" అన్నాను ఒకరోజు.

"నాకేటి కుళ్ళు? కుళ్ళుకోడానికి అక్కడేటున్నాది? ఫోటో తియ్యడం కూడా ఒక పనేనా" అంది. అని, కాసేపటికి మెల్లిగా, "ఒసే ధనలచ్చిమీ, నీ మేనకోడలు పెళ్ళి కార్డు ఉన్నాది కదా. అది పట్టుకెళ్ళి ఏదో ఒకటి మార్పించుకురాయే. ఎలగ సేస్తాదో సూసిరా" అంది.

వెళ్ళాను. ఆ పిల్ల నవ్వుతూ పలకరించింది, కార్డు తీసుకుంది, ఫోను పట్టింది, అయిపోయింది. వచ్చి చెబుదామని నోరు తెరిచేలోపే దేవమణి అడిగింది.

"కూకోమని కుర్సీ ఏసినాదా?"

"కూకునే టైమేదప్పా. నిలబడే ఉన్నాను, అయిపోనాది."

"ఏటీ అడగనేదా?"

"పేరేటి పెట్టమంటారని అడిగినాది."

దేవమణి మొహంలో ఒక్కసారి వెలుగొచ్చి ఆరిపోయింది. ఏమీ అడగకుండా పని చేస్తుందని సంతోషం. ఏమీ అడగకుండానే పని జరిగిపోతోందని ఏడుపు. ఆ పూట స్పేస్ బారు పని అయిపోయిందనుకున్నాను.

ఒక్కొక్కరే అటు మళ్ళారు. ముందు పెళ్ళి పత్రికలు పోయాయి, తర్వాత అర్జీలు పోయాయి. అవి పోతే పోనీ అనేది దేవమణి. ఆదరణ కార్డులు మాత్రం తనని దాటి ఎక్కడికీ పోవని ఆమె ధైర్యం. పోయినవాళ్ళ కోసం తన కుర్చీలోకి రాక ఎక్కడికెళ్తారని. అవీ పోవడం మొదలయ్యాక కూడా ఒక్క మాట పట్టుకుని ఉండేది.

"ఎవల కార్డు ఎక్కడేయించుకున్నా, మాస్టారిది మాత్రం నా సేతిలోంచే వస్తాది. అది నాకు రాసిపెట్టున్నాది."

మాస్టారు అప్పటికే మంచం పట్టారు. ఆమె ఆయన చావు కోరుకుందని నేననను. కానీ ఆయన పోయారని తెలిసిన రోజు ఆమె ఏడుస్తూనే ఆ ప్లాస్టిక్ కుర్చీని సబ్బుతో కడిగింది. అది నేను కళ్ళారా చూశాను.

మాస్టారి భార్య కరుణమ్మగారు బైబిలు చంకలో పెట్టుకుని బజారులోకి వచ్చిన రోజు కూడా నేను చూశాను. తెల్లచీర, వంగిన నడుము, ఎవరి తోడూ లేదు. దేవమణి దూరం నుంచే చూసి లేచి నిలబడింది. కుర్చీని కాస్త ముందుకు జరిపింది. కరుణమ్మగారు మా కొట్ల ముందుకు వచ్చి, ఒక్క క్షణం ఆగి, తలెత్తకుండా రోడ్డు దాటి షాలిని కొట్టులోకి వెళ్ళిపోయారు.

బైబిల్లోంచి ఏదో కార్డు తీసి ఇచ్చారు. ఇంత దూరం నుంచి అదేమిటో మాకు కనబడలేదు. షాలిని దాన్ని చూసి, కరుణమ్మగారి మొహం చూసి, ఏదో అంది. ఆమె తల ఊపారు. షాలిని ఫోను పైన పట్టుకుంది.

దేవమణి నిలబడే ఉండిపోయింది. "నాకు సేతి ఏళ్ళు వాచేలా నేర్పిన మనిషి. ఆయన గురించి ఎవల్దో పాత కార్డు సూసి పేరు మారుస్తారా" అంది. "దాని కొట్టు కాలిపోను" అని కూడా అంది. చెంపలు వేసుకుంది. మళ్ళీ అంది.

ఆదరణ కూడికకు నన్ను తోడు రమ్మంది. చర్చి నిండిపోయింది. గుమ్మం ముందు చెప్పులు కుప్పలుగా పడి ఉన్నాయి. బెన్హర్ పోయాక వాటిని పట్టించుకునేవాళ్ళు లేరు. షాలిని లోపల గుమ్మం దగ్గర నిలబడి కార్డులు పంచుతోంది. దేవమణి చెయ్యి చాపలేదు. ఆ పిల్ల ఏదో చెప్పబోతే మొహం తిప్పుకుని వెళ్ళి మధ్య వరసలో కూర్చుంది. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని చెవులు నిక్కబొడుచుకుని ఉంది. అంత శ్రద్ధగా ఆమె ప్రసంగం కూడా ఎప్పుడూ వినలేదేమో.

పాస్టరుగారు చదవడం మొదలుపెట్టారు. పుట్టిన ఊరు, చదువు, ఇన్‌స్టిట్యూటు, అక్కడ నేర్చుకుని ఉద్యోగాలు చేస్తున్న శిష్యులు. దేవమణి పెదవి విరిచింది. తర్వాత ఆయన ఇలా చదివారు:

"ఆరాధనకు వచ్చినవారు గుమ్మం ముందు చిందరవందరగా విడిచిన చెప్పులను జత జతగా సర్ది..."

మాస్టారేమిటి, చెప్పులేమిటి? ఆయన ముందు బెంచీలో కూర్చునేవారు. ఆరాధన అయ్యాక శిష్యులెవరో చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెడితేనే మెట్టు దిగేవారు. ఆ సంగతి చర్చికి పోని నాకే తెలుసు, అక్కడున్నవాళ్ళకి తెలియదా? కానీ ఎవరూ కదల్లేదు. పోయినవాళ్ళ గురించి చదివేటప్పుడు ఎవరూ సరిచూసుకోరు. వెనక నుంచి ఎవరో "స్తోత్రం" కూడా అన్నారు.

దేవమణి లేచి నిలబడింది.

"అది మా ఆయన మాట" అంది. గట్టిగా ఏమీ అనలేదు, కానీ అందరికీ వినబడింది. "ఆ జోళ్ళు సర్దింది మా ఆయన."

పాస్టరుగారు ఆగిపోయారు. తలలన్నీ ఇటు తిరిగాయి. నేను ఆమె కొంగు పట్టుకుని లాగాను, కూర్చోలేదు. అప్పుడు ముందు వరసలోంచి కరుణమ్మగారు వెనక్కి తిరక్కుండానే, "సదవండి బాబూ" అన్నారు. పాస్టరుగారు మిగిలింది చదివేశారు. చదువుతున్నంత సేపూ దేవమణి అలాగే నిలబడి ఉంది.

కూడిక అయ్యాక పందిట్లో భోజనాలు. దేవమణి తిన్నగా షాలిని దగ్గరికి వెళ్ళింది.

"ఏటే ఇది? నా పని పట్టుకుపోనావు, ఊరుకున్నాను. నా మొగుణ్ణి కూడా పట్టుకుపోయి ఊళ్ళోవోలకి పంచిపెడతావా?"

షాలిని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాను తియ్యనేదక్కా. అమ్మగారే ఆ కార్డు తెచ్చి, ఈ ముక్క ఆయన పేరు మీద పెట్టమన్నారు. 'ఇది మా బావగారిదమ్మా' అన్నాను. 'నాకు తెలుసు, పెట్టు' అన్నారు. నీకు సెబుదామని రెండు సార్లు నీ గుమ్మం దాకా వచ్చినాను. నువ్వు నా మొహమే సూడవు."

దేవమణి గిరుక్కున తిరిగి కరుణమ్మగారి దగ్గరికి నడిచింది. ఆవిడ పందిట్లో ఒక మూల స్తంభానికి ఆనుకుని ఒక్కతే కూర్చుని ఉన్నారు. ఆ ముసలావిణ్ణి ఈమె ఏమంటుందోనని నేను వెనకే పరిగెత్తాను.

"ఏటమ్మా ఇలగ సేసినారు?" అంది దేవమణి. "నా కాడికొస్తే నాను రాయనా? మాస్టారి కోసం ఎంత రాసీదాన్ని. కుర్సీ కడిగి పెట్టుకుని కూకున్నాను."

"అందుకే రానేదు" అన్నారు కరుణమ్మగారు.

దేవమణికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నీ కాడికొస్తే ఆ కుర్సీలో కూకోబెడతావు. కోపమొస్తే ఏటి సేసేవోరమ్మా అని అడుగుతావు. నానేటి సెప్పీది, దేవమణీ? మీకు స్కేలుతో కొట్టీవోరు. మీరు సాయంత్రానికి ఇంటికి పోయీవోరు. నాను ఎక్కడికి పోతాను?"

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. కూరలో ఉప్పు సంగతి చెబుతున్నట్టు చెప్పారు. ఒళ్ళో ఉన్న బైబిలు తెరిచి బెన్హర్ కార్డు తీశారు. మడత దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించి ఉంది.

"ఆదివారం ఆదివారం ఇది తీసి సదువుకుంతాను. నీ మీద ఎంత కుళ్ళుకున్నానో నీకు తెల్దు. అంతమంది జోళ్ళలో నావి కూడా ఉండీవి. నీ మొగుడు వాటిని ఎన్ని సార్లు సర్దినాడో. మా ఆయనకి నా కాలి జోడు ఏ రంగో కూడా తెల్దు. ఒక్క పూట అలాటోడి పెళ్ళాన్నయి నలుగుర్లో కూకోవాలనిపించినాది. కూకున్నాను. నువ్వు లెగిసినావు."

దేవమణి ఎప్పుడూ అడగడమే తెలిసిన మనిషి, అడగకుండా చెప్పిన మాట విని ఏం చేయాలో తెలియక నిలబడిపోయింది. కాసేపటికి ఆవిడ పక్కన చతికిలబడి, చేతిలోంచి ఆ కార్డు తీసుకుని, టేపు ఊడిన చోట వేలితో ఒత్తి, మళ్ళీ ఆవిడ బైబిల్లోనే పెట్టింది.

"ఉంచుకోండమ్మా" అంది. "మాస్టారికే ఉండనీయండి."

తిరిగి కొట్ల దగ్గరికి వచ్చాక నా వైపు చూసి, "నా మీద కూడా కుళ్ళుకునేవోలు ఉన్నారే ధనలచ్చిమీ" అంది. ఆ అనడంలో కొంచెం ఏడుపుంది. అబద్ధమెందుకు, కొంచెం గర్వం కూడా ఉంది. ఇరవై నాలుగు గంటలూ ఎదుటి కొట్టు వైపే చూసే మనిషికి, తన వైపు కూడా ఒకరు అలా చూస్తూ ఉన్నారని ఇన్నాళ్ళకు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే రేకు గోడ అవతల కీబోర్డు మొదలైంది. ఇవాళ గుద్దుడు లేదు. ఉండుండి నన్నే పిలిచింది.

"ఒసే, మా ఆయన ఇంటికాడ జోళ్ళెక్కడ ఇడిసీవోడో నీకు గుర్తున్నాదా?"

నాకు నవ్వొచ్చింది. మా ఇల్లు వాళ్ళ ఇంటికి ఎదురే. "ఎందుకు గుర్తుండదప్పా. ఒకటి వాకిట్లో, ఒకటి అరుగు కింద. నువ్వు తిట్టుకుంతూ ఎతికీదానివి."

"అదే" అని మళ్ళీ టైపు కొట్టడంలో పడింది.

నేను లోపలికి వెళ్ళి చూస్తే తెర మీద బెన్హర్ ఫోటో ఉంది. పాత కార్డు తెరిచి కింద ఏదో చేరుస్తోంది. అప్పుడే షాలిని ములక్కాడల కూర గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడింది. దేవమణి ఆ పిల్ల వైపు చూడకుండా కాగితం ప్రింటు తీసి బల్ల మీద పరిచింది.

"గిన్నె అక్కడెట్టు. నీ ఫోను తియ్యి. దీనికి ఫోటో తీసి అచ్చరాలు వస్తాయో నేదో సూడు."

షాలిని భయపడుతూనే ఫోను పట్టింది. "వచ్చినాయక్కా. అన్నీ వచ్చినాయి."

"ఇప్పుడు పేరు మార్చి ఎవలకి పెడతావో పెట్టు. ఆకరి ముక్క సదువు ముందు."

షాలిని ఫోనులో చూస్తూ చదివింది. "ఇంటి దగ్గర మాత్రం తన చెప్పులను ఒకటి వాకిట్లో, ఒకటి అరుగు కింద విడిచేవారు. వెతికి జత చేయడం భార్య దేవమణి పని." చదివి తలెత్తింది. "ఇది మాకు పెట్టమని ఎవలడుగుతారక్కా?"

"అడగరు" అంది దేవమణి. "అది నాది."

కాగితం మడిచి తన బైబిల్లో పెట్టుకుని, కూర గిన్నె మూత తీసింది. ఉప్పు తక్కువైందని చెప్పి, మొత్తం తినేసింది.